కొండ అవతలి వాన, కొండ ఇవతలి ఊరు

తళవాయిపురంలో ఏ వీధి మొన నిలబడి పడమటికి చూసినా కొండలు కనిపిస్తాయి. దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిపోయే పడమటి కనుమల వరస అది. తెల్లవారుజామున నీలం, పొద్దెక్కాక ముదురాకుపచ్చ, మిట్టమధ్యాహ్నం బూడిద రంగు. జూన్ వచ్చిందంటే ఆ వరస పైఅంచు మాయమవుతుంది. మబ్బులు శిఖరాల మీద దట్టంగా పేరుకుని రోజుల తరబడి అక్కడే ఉంటాయి. ఊళ్లో మాత్రం ఎండ. మబ్బు కంటికి ఎదురుగా ఉంటుంది, గాలిలో తడి వాసన కూడా తెలుస్తుంది, చినుకు మాత్రం రాదు. వస్తే కొండ మీదుగా గాలికి కొట్టుకొచ్చిన సన్నటి తుంపర. ఇక్కడివాళ్లు దాన్ని సారల్ అంటారు. ఒంటిని తడుపుతుంది గాని పొలాన్ని తడపదు.

ఈ వింతకు కారణం కొండే. అరేబియా సముద్రం మీద నీటిని నింపుకున్న నైరుతి గాలి కేరళ వైపు వాలును ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీటినంతా ఆ వాలు మీదే కుమ్మరిస్తుంది. శిఖరం దాటి ఇటు దిగేసరికి దాని దగ్గర మిగిలేది వేగం ఒక్కటే. కిందికి జారుతూ మళ్లీ వేడెక్కుతుంది, దారిలో ఉన్న తడిని కూడా పీల్చుకుపోతుంది. ఆషాఢంలో ఇక్కడ వీచే గాలికి తాటిమట్టలు రాత్రంతా చప్పుడు చేస్తూనే ఉంటాయి. విరుదునగర్ జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 800 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. శిఖరానికి ఆవల, అడవిలో, అంతకు రెండు మూడింతలు పడుతుంది. రెండింటి మధ్య దూరం కాకి రెక్కల మీద లెక్కేస్తే ఒక పూట ప్రయాణం కూడా కాదు.

రాజపాళయం నుంచి దక్షిణంగా తెన్‌కాశి దారి పట్టి, సేతూరు దగ్గర తూర్పుకు మళ్లితే తళవాయిపురం. పక్కనే ముగవూరు, చెట్టియార్‌పట్టి. పది పన్నెండు కిలోమీటర్ల ప్రయాణం. శబరిమలకు వెళ్లే తెలుగు అయ్యప్ప భక్తుల్లో చాలామంది ఈ దారిన పోయినవాళ్లే. మదురై, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తెన్‌కాశి, చెంగోట, అక్కణ్నుంచి ఆర్యంగావు. బస్సు కిటికీలోంచి కుడిపక్కన గంటల తరబడి కూడా వచ్చే కొండలు ఇవే. శబరిమల ఈ అడవికి ఆవలి పక్కనే, పెరియార్ పులుల అభయారణ్యంలో ఉంది. స్వామి కొలువున్న కొండకు వెనకవైపు ఊళ్లగుండా పోతున్నామని ఎంతమందికి తెలుసో గాని, ఇక్కడి పల్లెవాసులకు మాత్రం అది బాగా తెలుసు. వాళ్లకు కూడా ఆ స్వామి ఇంటి దేవుడే.

ఇటువైపు ఆయన పని వేరు. రాజపాళయానికి పడమట, కొండ మొదట్లో, వాగు ఒడ్డున ఒక గుడి ఉంది. అక్కడి దేవుడు నీర్‌కాత్త అయ్యనార్, అంటే నీళ్లను కాచిన అయ్యనార్. తమిళ పల్లెల్లో ఊరి పొలిమేర కాసే అయ్యనార్, మనం అయ్యప్పగా కొలిచే శాస్తా ఒక్కరే అని ఇక్కడి నమ్మకం. గుడి పక్కనుంచి దూకే జలపాతానికి కూడా ఆయన పేరే. సేతూరు, దేవదానం దాటి కొండలోకి పోతే ఇంకో జలపాతం, దాని పేరు శాస్తా కోయిల్. ఏ వాగు కొండ దిగే చోటు చూసినా అక్కడ ఈ స్వామిని నిలబెట్టారు. నీళ్లు అడవిని వదిలి ఊళ్లలోకి అడుగుపెట్టే గడప మీద కాపలా పెట్టడమన్నమాట. ఎండాకాలంలో ఈ వాగుల్లో రాళ్లే ఉంటాయి. పైన కొండలో గట్టి వాన పడితే కింద ఒక్క చినుకు లేకుండానే వరద వచ్చిపడుతుంది. గుడికి వెళ్లినవాళ్లు ఆవలి ఒడ్డున చిక్కుపడిపోవడం, తాళ్లు కట్టి వాళ్లను ఇవతలికి తేవడం ఇక్కడ చాలాసార్లు జరిగింది.

ఈ కొండల నీటి లెక్క చిత్రమైనది. దేవదానానికి దక్షిణంగా శివగిరి ఊరు. ఆ ఊరి పేరుతోనే పిలిచే కొండల్లో పెరియార్ పుడుతుంది. కేరళలో అన్నిటికంటే పొడవైన నది, 244 కిలోమీటర్లు పడమటికి ప్రవహించి అరేబియా సముద్రంలో కలుస్తుంది. అదే కొండల తూర్పు వాలు మీద పుట్టిన వాగులు వైప్పారులో చేరి, నల్లరేగడి మీదుగా తూర్పుకు పోయి మన్నారు సింధుశాఖలో కలుస్తాయి. శిఖరం మీద పక్కపక్కన పడిన రెండు చినుకుల్లో ఒకటి కొచ్చి వైపు పోతుంది, ఇంకోటి తూత్తుక్కుడి వైపు వస్తుంది. రెండూ వేర్వేరు సముద్రాలు చేరతాయి. అటు పోయేదే ఎక్కువ. ఆ సంగతి గమనించే 1895లో పెన్నీక్విక్ అనే ఇంజనీరు ముల్లైపెరియార్ ఆనకట్ట కట్టించి, కొండకు సొరంగం తొలిపించి, పడమటికి పోయే నీటిని వైగై లోయకు మళ్లించాడు. తేని, మదురై ప్రాంతాలు ఇప్పటికీ ఆ నీళ్లతో బతుకుతున్నాయి. రాజపాళయం వైపు పల్లెలకు ఆ భాగ్యం లేదు. వీళ్లకున్నవి తమ వాగులు, తమ చెరువులు.

అసలు వాన ఇక్కడ అక్టోబరులో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం మీదుగా వస్తుంది కాబట్టి ఈసారి కొండ అడ్డు కాదు, పైగా మబ్బును ఆపి ఇటే కురిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే ఏడాది వానలో సగం. దాన్ని పట్టి ఉంచడానికి తాతల నాడే గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఇక్కడ చెరువును కణ్మాయి అంటారు. కొండ దిగిన వాగు మొదటి చెరువును నింపుతుంది, అది అలుగు పారి రెండోదాన్ని, అది మూడోదాన్ని. కట్ట మీద మర్రి, తాడి, నల్లతుమ్మ. తూము దగ్గర రాతి స్తంభాల జంట, వాటి మధ్య అడ్డురాయి, దానికి తొలిచిన రంధ్రం గుండా కిందికి దిగే కర్ర. కర్ర పైకి లేపితే కట్ట అడుగున రంధ్రం తెరుచుకుంటుంది. చెరువు నిండిన రోజుల్లో ఆ రాతి మీద చెయ్యి వేస్తే లోపల పారే నీటి అదురు తెలుస్తుంది. రాయి ఒక పక్క ఎండకు కాలుతూ ఉంటుంది, నీటికి ఆనిన పక్క నాచు పట్టి జారుతుంది. నీటిమట్టం ఏ ఏడాది ఎంతదాకా వచ్చిందో ఆ రాతి మీది మరకలే చెబుతాయి.

నవంబరులో ఈ చెరువులకు పక్షులు చేరతాయి. కొంగలు, నీటికోళ్లు, నీటికాకులు, ఉత్తరాది నుంచి చలికి పారిపోయి వచ్చిన పరజలు. వరిమళ్ల మధ్య పంటకాలవల్లో బాతులు తల రెక్కలో దూర్చుకుని నిద్రపోతాయి. ఈ దృశ్యం తెలుగు సాహిత్యం తెలిసినవాళ్లకు కొత్త కాదు. ఇక్కడికి ఉత్తరంగా, రాజపాళయం దాటితే వచ్చే ఊరు శ్రీవిల్లిపుత్తూరు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కథను నడిపించింది ఆ విల్లిపుత్తూరులోనే. విష్ణుచిత్తుడి తోట, గోదాదేవి విడిచి ఇచ్చిన పూలమాల అక్కడివే. ఆ ఊరిని వర్ణిస్తూ రాయలు పంటకాలవలో నిద్రపోయే బాతుల్ని చూపిస్తాడు. తెల్లారి స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరిచిపోయిన పిండిన బట్టలనుకుని తలారులు వాటిని ఏరి ఇళ్లకు చేర్చాలని నీళ్లలోకి దిగుతారు. బాతులు చప్పున పారిపోతాయి. వరిచేను కాసే ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. రాయలు ఇక్కడి మళ్లను కళ్లారా చూడకుండా ఇంత పట్టుగా రాశాడంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఐదొందల ఏళ్ల తర్వాత కూడా అదే కాలంలో అదే చోట అదే పక్షి అదే తీరున తల దాచుకుని పడుకుంటోంది.

రాయల కాలం, ఆ తర్వాతి మదురై నాయకుల కాలం ఈ నేలకు తెలుగువాళ్లను తెచ్చాయి. సైన్యంతో వచ్చినవాళ్లు కొందరు, నల్లరేగడి వెతుక్కుంటూ ఎడ్లబండ్ల మీద వచ్చినవాళ్లు కొందరు. దళవాయి అన్నది ఆ కాలపు సేనాని పదవి, ఆ ముద్ర తళవాయిపురం పేరులోనే ఉంది. రాజపాళయంలో రాజులు, చుట్టుపక్కల పల్లెల్లో కమ్మవారు, రాజకంబళ నాయకులు, రెడ్లు, దేవాంగులు, అరుంధతీయులు. బడిలో తమిళం, బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. రాజపాళయం రాజుల ఇంటిపేర్లు ఇప్పటికీ కోస్తా ఇంటిపేర్లే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరి బిడ్డ. పేరు ముందున్న ఆ మొదటి అక్షరం పూసపాటి, విజయనగరం రాజుల ఇంటిపేరు కూడా అదే. ఉన్న ఇంటిని కళల కోసం ఇచ్చేశాడాయన, అదే ఇవాళ్టి గాంధీ కలై మండ్రం. ఇక్కడికి తూర్పున కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష కూడా తెలుగే. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి రేగడి అడవిని కొట్టి ఊరు కట్టుకున్న తెలుగు కుటుంబాల కథనే ఆయన తమిళంలో గోపల్ల గ్రామంగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

రేగడి అంటే పత్తి. పత్తి అంటే మగ్గం, మిల్లు. రాజపాళయం మిల్స్ 1936లో మొదలైంది. దగ్గర్లోని చత్రపట్టిలో ఇంటింటా మగ్గాల మీద ఆసుపత్రులకు కావలసిన కట్టుగుడ్డ నేస్తారు. తళవాయిపురం నైటీలకు పేరుపడింది. ఈ వీధుల్లో నడుస్తుంటే కుట్టుమిషన్ల చప్పుడు వినబడని చోటు తక్కువ. కత్తిరించిన పూలగుడ్డ ముక్కలు అరుగుల మీద కుప్పలుగా ఉంటాయి, గాలి లేస్తే వీధి పొడుగునా రంగురంగులుగా దొర్లుతాయి. బట్టతో బతికే ఈ పల్లెలకు కొండ మొదట దేవదానంలో ఒక దేవుడున్నాడు. పేరు నచ్చాడై తవిర్త లింగేశ్వరుడు. పాండ్య రాజును చంపడానికి శత్రువు విషం పూసిన వస్త్రాన్ని కానుకగా పంపితే, ఆ విషం తగలకుండా కాపాడిన స్వామి అని స్థలపురాణం. కాళహస్తిని వాయులింగంగా కొలిచే మనకు పంచభూత స్థలాలు తెలుసు. పాండ్య నాడుకు వేరే ఐదున్నాయి. శంకరన్‌కోయిల్ పృథ్వి, దారుకాపురం జలం, కరివలంవందనల్లూరు అగ్ని, తెన్‌మలై వాయువు, ఈ దేవదానం ఆకాశం. అన్నీ ఈ చుట్టుపక్కలవే. చినుకు కోసం ఎప్పుడూ పైకి చూసే నేలలో ఆకాశానికి గుడి కట్టడం నాకు ఎంతో సహజంగా తోచింది.

రాజపాళయం పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది అక్కడి వేటకుక్క. ఒళ్లంతా తెలుపు, గులాబీ ముక్కు, పొడుగాటి కాళ్లు. 2005లో తపాలా శాఖ దాని మీద బిళ్ల వేసింది. దాని సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్న జంతువు అడవి అంచున చెట్ల మీద ఉంది.

నెరిసిన ఉడుత. నల్లమలలోనో పాపికొండల్లోనో బెట్టుడుతను చూసినవాళ్లు ఆ జాతిని పోల్చుకుంటారు, కాని ఇది దానికంటే చిన్నది, రంగు వేరు. బెట్టుడుత ఎర్రగా మెరుస్తుంది. దీని ఒళ్లు గోధుమ కలిసిన బూడిద రంగు, ప్రతి వెంట్రుక కొసనా తెలుపు, నల్లనువ్వుల మీద బియ్యప్పిండి చల్లినట్టు. నడినెత్తిన నల్లటి టోపీ, లేత గులాబీ మూతి, ఒంటికంటే పొడుగైన కుచ్చుతోక. కొమ్మ మీద కూర్చున్నప్పుడు ఆ తోక కిందికి నిలువునా వేలాడుతుంది. ముందు తోకను చూసి, తర్వాత దాని పైనున్న ఉడుతను వెతుక్కోవాలి. చింతకాయను రెండు చేతుల మధ్య పట్టుకుని తిప్పుతూ పెంకు ఒలుస్తుంది, పెంకు ముక్కలు చెట్టు కింద రాలుతుంటాయి. మనిషి అలికిడి వినబడితే కదలదు. కొమ్మకు అతుక్కుపోయి బెరడులో బెరడైపోతుంది. డేగ నీడ పడితే గట్టిగా కీచుమని అరుస్తుంది.

లోకం మొత్తం మీద ఈ ఉడుత ఉండేది రెండు దేశాల్లోనే, దక్షిణ భారతం, శ్రీలంక. లంకలో పలుచోట్ల కనిపిస్తుంది. మన దేశంలో కొద్దిచోట్లే మిగిలింది, కేరళలోని చిన్నార్ వాటిలో ఒకటి, అన్నిటికంటే పేరున్న చోటు ఈ శ్రీవిల్లిపుత్తూరు కొండలు. సముద్ర మట్టం బాగా దిగిపోయిన మంచుయుగాల్లో మనకూ లంకకూ మధ్య నేల తేలి ఉండేది, జంతువులు అటూ ఇటూ నడిచేవి. నీళ్లు మళ్లీ పెరిగాక ఒకే జాతి రెండు ఒడ్డుల మీద విడిపోయింది. వారధి కట్టేటప్పుడు సాయపడి రాముడి వేళ్ల గుర్తులు వీపు మీద మోస్తున్న ఉడుత కథ మనకు తెలుసు. ఈ ఉడుత వీపు మీద చారల్లేవు. ఉన్నది మాత్రం వారధికి ఆ కొసా ఈ కొసా.

దీని కోసమే 1988లో ఇక్కడ సుమారు 480 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. ఒక ఉడుత పేరు మీద అంత అడవిని కాపాడటం అరుదు. 2021లో దాన్ని వైగై పుట్టే మేఘమలై అడవితో కలిపి పులుల అభయారణ్యం చేశారు, దేశంలో 51వది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. ఏనుగులు, వరయాడులనే కొండమేకలు, నల్ల కొండముచ్చులు, సింగపు తోక కోతులు ఈ నీడలో ఉన్నాయి. కాని నెరిసిన ఉడుత నడిగొండల్లో ఉండదు. దానికి కావలసింది కొండ దిగువన వాగుల వెంట ఉండే ఎత్తైన చెట్ల వరస, అంటే సరిగ్గా అడవీ ఊరూ కలిసే అంచు. మామిడి, చింత, నేరేడు, మద్ది.

చెట్ల పేర్ల కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఈ ఉడుత నేలకు దాదాపు దిగదు. తిండికి పోయినా, జోడు వెతుక్కున్నా, శత్రువు నుంచి తప్పించుకున్నా కొమ్మ నుంచి కొమ్మకే. అందుకే గూడు కట్టేటప్పుడు కూడా చుట్టుపక్కల చెట్ల కొమ్మలు ఎక్కడ కలుస్తాయో ఆ చోటు చూసుకుంటుంది. పుల్లలు, ఆకులు కలిపి అల్లిన పెద్ద ఉండ అది. కింద నుంచి చూస్తే కాకి గూడనుకుంటాం, కాని కాకి గూడు దొన్నెలా తెరిచి ఉంటుంది, ఇది పైన కూడా కప్పు వేసి ఉంటుంది. ఏ పక్కనుంచి ఆపద వచ్చినా ఇంకో పక్క చెట్టుకు దూకే దారి ఉండాలి. ఒకే ఉడుతకు ఒకటికి మించి గూళ్లుంటాయి. మధ్యలో ఒక్క చెట్టు పడిపోతే దాని దారి తెగిపోతుంది. అవతల మేత కనబడుతూనే ఉంటుంది, చేరడానికి కొమ్మ ఉండదు.

అభయారణ్యం గీత దగ్గర అడవి ఆగిపోదు. కొండ మొదట్లో రైతుల మామిడి తోపులున్నాయి, రాజపాళయం సప్పట్టై మామిడి వీటిలోదే. ఉడుతకు తోపుకూ అడవికీ తేడా తెలియదు, కొమ్మ కలిస్తే చాలు వస్తుంది. మామిడి కాపు రోజుల్లో ఏనుగులు కూడా దిగుతాయి, కొమ్మలు విరుస్తాయి, కొబ్బరి మొక్కల మొవ్వు పీకి తింటాయి. తోటకు రాత్రి కాపలా ఉండే రైతు కష్టం చిన్నది కాదు. మామిడికి ధర లేని ఏడాది, ఏనుగు తొక్కిన ఏడాది, ముసలి చెట్లు కొట్టేసి కొబ్బరి పెడదామని అతనికి అనిపించడం తప్పు కాదు. కాని కొబ్బరి తల పక్క కొబ్బరి తలను అందుకోదు. పైనుంచి చూస్తే తోట పచ్చగానే ఉంటుంది, ఉడుతకు మాత్రం అది ఖాళీ.

కింద చెరువుల్లో ఇంకో తెగుదల. సర్కారు తుమ్మ వాగుల పొడుగునా అల్లుకుపోయింది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని పీకేయమని ఆదేశించాల్సి వచ్చిందంటే ఎంత పాకిందో అర్థమవుతుంది. అది కాలవలో పడితే మొదటి చెరువు అలుగు పారినా నీళ్లు రెండోదానికి చేరవు. కట్ట గట్టిగా ఉంటుంది, తూము చెక్కుచెదరదు, చెరువు మాత్రం ఎండుతుంది.

చింతగింజ మొలిచి, పెరిగి, దాని కొమ్మ పక్క చింతను తాకాలంటే పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. కొట్టడానికి ఒక పూట చాలు. అందుకని కొత్తవి నాటించడం కంటే ముందు వాగు గట్ల మీద, తోపుల సరిహద్దుల మీద ఇప్పటికే ఉన్న ముసలి చింతల్ని, నేరేళ్లను లెక్కగట్టి, వాటిని ఉంచుకునే రైతుకు ఏటా ఇంత అని ఇవ్వడం మేలని నా ఉద్దేశం. ఏనుగు తొక్కిన పంటకు పరిహారం ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది. నిలబెట్టిన చెట్టుకు కూడా ఇవ్వొచ్చు. దేవదానం నుంచి శ్రీవిల్లిపుత్తూరు దాకా కొండ అడుగున ఆ చెట్ల వరస ఇంకా చాలాచోట్ల కలిసే ఉంది, తెగిన చోట్లను గుర్తించవచ్చు. ముందు ఆ చోట్లతోనే మొదలుపెట్టాలి.